పెంట అంటే ఊరు

మా సమావేశాల్లో మామూలుగా ఒక కథో, నాలుగు కవితలో చదువుకుని మాట్లాడుకుంటాం. ఈసారి ఒక ప్రభుత్వ పత్రం చదివాం. 2025 డిసెంబరులో భారత్ ఫ్యూచర్ సిటీలో జరిగిన గ్లోబల్ సమ్మిట్‌లో రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేసిన 'తెలంగాణ రైజింగ్ 2047' దార్శనిక పత్రం అది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి వచ్చిన లంబాడీలం, ఎరుకలవాళ్లం, చెంచులం కూర్చున్నాం. చెంచులు ఇద్దరే. ఆ లోటు మాదే, ముందే చెప్పుకోవాలి. ఒక కథను అడిగే ప్రశ్నలే ఈ పత్రాన్నీ అడగాలనుకున్నాం. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరి గురించి? నిలబడి చూస్తున్న చోటు ఏది?

చివరి ప్రశ్నకు జవాబు తొందరగానే దొరికింది. పత్రం రాష్ట్రాన్ని మూడు వలయాలుగా చూస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలిది 'క్యూర్'. ఔటర్‌కూ, రాబోయే రీజనల్ రింగ్ రోడ్డుకూ నడుమ ఉన్నది 'ప్యూర్'. రీజనల్ రింగ్ రోడ్డు దాటి రాష్ట్ర సరిహద్దు దాకా మిగిలినదంతా 'రేర్'. అవి ఇంగ్లిషు పొడి అక్షరాలు, వాటికి వేరే విస్తరణలున్నాయి. పల్లెల వ్యవసాయ ప్రాంతం అన్నది మూడోదాని అర్థం. కానీ మాటకు చెవి కూడా ఉంటుంది. మాలో ఇంగ్లిషు పాఠం చెప్పే ఒకాయన అక్కడికక్కడే తెలుగు చేసి చెప్పాడు: నగరానికి నయం, పక్కవాళ్లకు శుద్ధి, మనకు అరుదు. నవ్వుకున్నాం. తర్వాత చాలాసేపు ఆ నవ్వు మీదే మాట్లాడుకున్నాం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఆ మూడో వలయంలోనే ఉన్నాయి. మూడూ జిల్లా కేంద్రాలే, మూడింటికీ మునిసిపాలిటీలున్నాయి. అయినా ఈ లెక్కలో వాటి గుర్తింపు తమ నది పేరు మీద కాదు, తమ అడవి పేరు మీదా కాదు. రాజధాని చుట్టూ తిరిగే రోడ్డుకు ఎంత దూరంలో ఉన్నాయన్న దాని మీద. నడిగడ్డ అంటే కృష్ణా తుంగభద్రల నడుమ నేల. ఆ పేరులో చోటు ఉంది, నీళ్లున్నాయి. నల్లమల అన్న పేరులో కొండ ఉంది. 'రేర్' అన్న పేరులో దూరం తప్ప ఏముంది?

మాతో వచ్చిన ఒక పెద్ద యాడి, తండా నుంచి వచ్చిన మనిషి, చదువు లేదు, ఇదంతా విని ఒకటే అడిగింది: "గా కాయిదంల మనం యాడికి పోవాల్నని రాసిండ్రు?" పత్రంలో అలా ఎక్కడా రాయలేదని చెప్పాం. "రాయకున్నా పోతూనే ఉన్నం గద" అన్నది. మా విమర్శకు మొదలు ఆమె మాటే.

మూడు లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ 2047 నాటికి లక్ష్యం అని పత్రం చెబుతుంది. ఆ అంకెతో మాకు పేచీ లేదు. ఒక రాష్ట్రం పెద్ద కల కనడం తప్పు కాదు. పైగా ఈ పత్రం తెచ్చిన ముఖ్యమంత్రి మా నాగర్‌కర్నూల్ జిల్లా మనిషే, వంగూరు మండలం కొండారెడ్డిపల్లి. మా నేల తెలియనివారు కాదు. మా పేచీ కల చూసే దిక్కుతో.

దార్శనిక పత్రం మాకు కొత్త కాదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' తెచ్చింది. మెకిన్సే అనే కన్సల్టెన్సీ సంస్థ తోడుగా తయారైన పత్రం. స్వర్ణాంధ్ర అన్నారు. భూమి మీద బతికేవాళ్లు నూటికి 70 మంది నుంచి 40కి తగ్గాలన్నది అందులోని ఒక ఆలోచన. మిగతా ముప్పై మంది ఎక్కడికి పోవాలో ఆ ముప్పై మందిని ఎవరూ అడగలేదు. మా వాళ్లు అప్పటికే పోతున్నారు. పాలమూరు లేబర్ అన్న మాట అంతకు ఎన్నో ఏళ్ల ముందే దేశంలోని ఆనకట్టలన్నింటికీ తెలుసు. బొంబాయి బస్సు మా ఊళ్లకు ఎప్పుడూ ఉంది.

2020 వచ్చేసరికి ఆ పత్రం పేరు పెట్టుకున్న రాష్ట్రం అప్పటి రూపంలో లేదు, 2014లోనే రెండయింది. ఇక ఆ ఏడాది మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. తర్వాత వారాల్లో ముంబై, పుణె నుంచి మా తండాల మనుషులు లారీల మీద, ట్రక్కుల్లో, కొంత దూరం కాలినడకన ఇళ్లకు చేరారు. మా గుంపులో ఇద్దరు అలా వచ్చినవాళ్లే. అది మా విజన్ 2020.

ఆ పత్రం మీద జనం తీర్పు ఒకటి వెలువడింది. ఇప్పటి పిల్లలకు దాని సంగతి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 2001 జూన్ చివరలో అప్పటి మెదక్ జిల్లా ఆల్గోల్ గ్రామంలో 'ప్రజాతీర్పు' జరిగింది. చిన్న, సన్నకారు రైతులు, కూలీలు మొత్తం 19 మంది జ్యూరీగా కూర్చున్నారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. దళితులున్నారు, ఆదివాసులున్నారు. వాళ్ల ముందు వ్యవసాయ భవిష్యత్తు గురించి మూడు రకాల దారులు వీడియో బొమ్మలుగా పెట్టారు. వాటిలో విజన్ 2020 దారి ఒకటి. ప్రభుత్వం వైపువారు, కంపెనీల వైపువారు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చి చెప్పారు. జ్యూరీ వాళ్లను ప్రశ్నలడిగింది. రోజుల తరబడి విని తీర్పు చెప్పింది. భూమి మీద బతికేవాళ్లను 70 నుంచి 40కి తగ్గించడం మాకు వద్దన్నారు. మందుమొక్కలు ఊరి చేతిలోనే ఉండాలి, బయటి దేశాలకు తరలిపోకూడదన్నారు. ఊళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడేలా చూడమన్నారు.

ఆ తీర్పు నివేదికగా వచ్చాక లండన్ దాకా దుమారం రేగింది. జ్యూరీని ఎంచిన తీరు సరిగా లేదన్నవాళ్లున్నారు. ఆ వాదన జరగాల్సిందే, జ్యూరీ ఎవరన్నది చిన్న ప్రశ్న కాదు. కానీ అదే ప్రశ్న అసలు పత్రాన్ని రాసినవాళ్లను అడిగినవాళ్లు ఎంతమంది? పందొమ్మిది మంది కూలీలను ఎవరు ఎంచారని అడిగిన లోకం, కన్సల్టెంట్లను ఎవరు ఎంచారని అడగదు.

ఇంకా వెనక్కి పోతే, మా నల్లమల గురించి మొదటి దార్శనిక పత్రం రాసింది ఒక మానవశాస్త్రవేత్త అనాలి. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. చెంచులకంటూ అడవిలో కొంత నేల వదలాలని నిజాం ప్రభుత్వానికి చెప్పాడు, చెంచు రిజర్వు వచ్చింది. ఆయన కూడా బయటివాడే. ఆయన రాతలో చెంచు మనిషి చాలాసార్లు చూడదగిన మనిషిగానే ఉంటాడు, అడగదగిన మనిషిగా తక్కువ. అయినా ఒక తేడా ఒప్పుకోవాలి. ఆయన పెంట దగ్గరికి నడిచి వెళ్లాడు. పెంట నుంచి చూస్తే ప్రభుత్వం ఏం చేయాలో రాశాడు. తర్వాత వచ్చిన పత్రాలన్నీ ఎదురు దిక్కు నుంచి చూశాయి.

ఈ 'పెంట' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. పట్నంలో పెంట అంటే చెత్తకుప్ప. చెంచులకు పెంట అంటే ఊరు. మేడిమల్కల, ఈర్లపెంట, దోమలపెంట, ఇవన్నీ మనుషులున్న చోట్లు. మాలోని చెంచు తమ్ముడు ఒకడు చిన్నప్పుడు పట్నం హాస్టల్లో చేరితే, మీ ఊరేదని సారు అడిగాడట. పెంట పేరు చెప్పగానే క్లాసంతా నవ్వింది. వాడు ఆ తర్వాత రెండేళ్లు ఊరి పేరు మన్ననూరు అనే చెప్పుకున్నాడు. పట్టణ దార్శనికతలో పెంట అంటే ఎత్తిపారేసేది, శుభ్రం చేసేది. ఇది వట్టి మాటల మీద ఆట కాదు. ఒక మాటకు రెండు అర్థాలుండి, ఒకటి మాత్రమే ఆఫీసు కాగితంలోకి ఎక్కితే, రెండోదాన్ని కూడా మెల్లగా మొదటిదాని లెక్కలోనే చూడటం మొదలవుతుంది.

ఆ తరలింపు సంగతే ఇప్పుడు మా ముందున్నది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. దాని లోపలి ఊళ్లను బయటికి తేవాలన్న ప్రతిపాదనలో సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్ల పేర్లు కొన్నేళ్లుగా నలుగుతున్నాయి. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే భూమి, ఇల్లు, ఇతర వసతులు. చట్టం ప్రకారం ఇది స్వచ్ఛందంగా జరగాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో వచ్చిన సవరణ ఆ మాట స్పష్టంగా చెప్పింది. ముందు అటవీ హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి, అప్పుడే కదపాలి.

మా గుంపులో ఈ విషయం మీద ఏకాభిప్రాయం లేదు. పోతామనేవాళ్లున్నారు, వాళ్లను తప్పు పట్టం. ఒక చెంచు తల్లి తన కూతురి కాన్పు సంగతి చెప్పింది. డోలీ కట్టి వాగు దాటించి, దారికి తెచ్చేసరికి తెల్లారింది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు వాహనాలు ఆపుతారు. పులుల కోసం పెట్టిన నియమం, మంచిదే, అత్యవసర బండికి మినహాయింపు కూడా ఉంటుంది. కానీ ఆ బండిని పిలవాలంటే ముందు ఫోను మోగాలి, పెంట నుంచి రోడ్డు దాకా దారి ఉండాలి. "బడి, దవాఖాన, కరెంటు అక్కడ ఇస్తమంటున్నరు. ఇక్కడ ఇయ్యరు. ఇంక నేనేం జెయ్యాలె?" అన్నదామె.

మేము ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. బడి, దవాఖాన, దారి, నీళ్లు ఊరు విడిచి వచ్చినవాళ్లకే అని ముందు తేల్చి, ఏళ్ల తరబడి అవేవీ లేకుండా ఉంచి, తర్వాత వచ్చి వేలిముద్ర అడిగితే, ఆ ఒప్పుదల స్వచ్ఛందం ఎలా అవుతుంది? సేవ ఇవ్వకపోవడం కూడా ఒక రకం బలవంతమే. అందులో ఎవరూ లాఠీ ఎత్తరు, అంతే. ఊరే సేవ దగ్గరికి రావాలన్న నియమం ఏ పత్రంలోనూ వాక్యంగా ఉండదు. వలయాల బొమ్మలోనే ఉంటుంది. మూడో వలయం నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మొదటిదానికి. యాడి అడిగింది దాని గురించే.

ముందు కదిలినవాళ్ల కథ తెలియకపోతే నమ్మేవాళ్లమేమో. శ్రీశైలం ఆనకట్ట కింద 1981లో కృష్ణ ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయించారు. మునిగిన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కొల్లాపూర్ వైపు ఆ జీవో కాగితం జిరాక్సులు మడతపెట్టి దాచుకున్న ముసలివాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. తండ్రి అడిగాడు, కొడుకు అడిగాడు, ఇప్పుడు మనవడు అడుగుతున్నాడు. మొన్నటి పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల జలాశయాల కింద తండాలు పోయాయి. నీళ్లు రావాలని మేమూ కోరుకున్నాం, ఊరేగింపుల్లో నడిచాం. నీళ్ల కోసం ఎవరి ఇల్లు పోవాలన్నది తేలేటప్పుడు మాత్రం ప్రతిసారీ తండా పేరే ముందు వస్తుంది.

అమ్రాబాద్ కింద యురేనియం ఉందని తవ్వి చూస్తామన్నది కూడా ఒక దర్శనమే. 2019లో చెంచులు, లంబాడీలు, పట్నం పిల్లలు, సినిమావాళ్లు అందరూ వద్దన్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసింది. అప్పుడు గొంతు కలిపిన పట్నంవాళ్లకు మా కృతజ్ఞత ఉంది. అయితే ఒక మాట. వాళ్లలో చాలామంది 'నల్లమలను కాపాడండి' అన్నారు. అడవి బొమ్మలో పులి ఉంది, చెట్టు ఉంది, మనిషి ఒక మూలన ఉన్నాడు. అందుకే పులి కోసం మనిషిని తరలిస్తామంటే అదే పట్నంలో అంత చప్పుడు లేదు.

ఇక దోమలపెంట. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు ఈ పేరు దేశమంతా విన్నది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు, అందులో నలుగురు జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. మా మనుషులు పని కోసం బొంబాయి పోతుంటే, జార్ఖండ్ మనుషులు పని కోసం మా కొండ కిందికి వచ్చారు. ఆ నీళ్లు నల్లగొండకు పోవాలి, అక్కడి ఫ్లోరైడు గొంతుకలకు కావాలి, కాదనం. ఇద్దరి శవాలు దొరికాయి. మిగతావాళ్లను నెలల తరబడి వెతికినా బయటికి తేలేకపోయారు.

ప్రభుత్వం చేసిన మంచిని చెప్పకపోతే ఇది విమర్శ కాదు, తిట్టు అవుతుంది. 2022 నవంబరులో వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, 2024లో గద్వాలకు వచ్చింది. పాత ప్రభుత్వం మొదలుపెట్టింది, కొత్త ప్రభుత్వం కొనసాగించింది. మా చిన్నతనంలో కర్నూలుకో హైదరాబాదుకో పోయి వైద్యం చేయించుకున్నవాళ్లం. దీని విలువ మాకు తెలుసు. 2018లో తండాలను గ్రామ పంచాయతీలు చేశారు, తండా నాయకుడు సర్పంచి అయ్యాడు. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి 'ఇందిర సౌర గిరి జల వికాసం' ప్రారంభించారు. 12,600 కోట్ల రూపాయలు, 6 లక్షల ఎకరాల పోడు పట్టా భూములు, 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు సౌర పంపుసెట్లు. ఈ పథకం మా పొలం దగ్గరికి వస్తోంది, మమ్మల్ని పొలం వదిలి రమ్మనడం లేదు. మేము అడిగే దిక్కు ఇదే. పట్టా రానివాళ్ల సంగతేమిటన్న ప్రశ్న మాత్రం మాచారం చుట్టుపక్కలే ఉంది, దూరం పోనక్కర్లేదు.

అలా వచ్చిన పాత సేవ ఒకటి గుర్తు చేసుకోవాలి. గిరిజన సహకార సంస్థ డిపో. చెంచు జిగురు, తేనె తెచ్చి అక్కడే అమ్మేవాడు, ఉప్పు, పప్పు, బియ్యం అక్కడే కొనేవాడు. తూకంలో గొడవలుండేవి, ధర చాలదని అలకలుండేవి. కానీ కొట్టు మనిషి దగ్గరికి వచ్చింది. ఇప్పుడు రేషను కోసం యంత్రం మీద వేలు పెట్టాలి. తేనె తీసి, బండ కొట్టి అరిగిపోయిన వేలిని ఆ యంత్రం గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే ఇంకోసారి రావాలి, ఇంకోసారి రావాలంటే ఒక పూట కూలి పోవాలి. 2047 దాకా ఎందుకు, ఈ నెలలో దీనికి మందు ఉంది కదా.

పట్టణాల సంగతి కొంచెం. గద్వాలలో మా జనం నూటికి ఇద్దరైనా లేరు, వనపర్తిలో దాదాపు ఎనిమిది మంది, నాగర్‌కర్నూల్‌లో పన్నెండు మంది. అంకె చిన్నదైతే సేవ కూడా చిన్నదవుతుంది. గద్వాల జిల్లా అక్షరాస్యత 2011 లెక్కల్లో సగానికి అటూ ఇటూ మాత్రమే, రాష్ట్రంలో అందరికన్నా కింద. సీడు పత్తి కాలంలో క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు కావాలి. ఆగస్టు నుంచి ఆడపిల్లల బడి హాజరు పట్టీ చూస్తే ఏ పరిశోధనా అక్కర్లేదు. పూవు మీద పూవు రుద్దే ఆ వేళ్లకు మనం ఏ వలయం పేరు పెడతాం?

మాలో ఎరుకల కుటుంబాలు పట్నం అంచులో ఉంటాయి. బుట్టలు అల్లుతారు, పందులు పెంచుతారు. పట్నం శుభ్రం కావాలన్నప్పుడు ముందు పోయేవి పందులు. వాటిని ఎక్కడ పెంచుకోవాలో చెప్పే కాగితం వెనక రాదు. 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంది: యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దవయసు వాళ్లకు ఒకటి, వార్డు ప్రముఖులకు ఒకటి. ఒక్కో దానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మేముండే పట్నంలో మా వార్డులోని ఆ అరవై మంది ఎవరో కనుక్కుందామని తిరిగాం. ఆఫీసులో ఒకాయన పట్టీ ఉందన్నాడు, ఇంకొకాయన వెతకాలన్నాడు. మూడోసారి పోయినప్పుడు మమ్మల్నే అడిగారు, మీకు తెలిసినవాళ్ల పేర్లుంటే ఇవ్వమని. ఇచ్చి వచ్చాం. అందులో బుట్టలల్లే అక్క పేరు కూడా రాశాం.

గ్రామసభ చట్టంలో ఉంది, వార్డు కమిటీ చట్టంలో ఉంది. 1996 పెసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టంలో చెంచుల్లాంటి ఆదిమ సమూహాలకు ఆవాస హక్కు కూడా ఉంది. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఈ సభల్లో చదివి, జనం చేత కొట్టివేయించుకుని, దిద్దించుకుని, ఆ తర్వాత సమ్మిట్‌లో పెట్టి ఉంటే 'తెలంగాణ రైజింగ్' వేరే పత్రం అయ్యేది. బహుశా ఇంత నున్నగా ఉండేది కాదు. ఆల్గోల్‌లో పందొమ్మిది మంది చేసిన పని పదివేల సభలు చేయగలవు.

అందుకని మేమొక చిన్న పని మొదలుపెట్టాం. పత్రంలోంచి మాకు సంబంధం ఉందనిపించిన భాగాలను గోర్‌బోలీలోకి, తెలుగు లిపిలోనే, మార్చుకుంటున్నాం. మూడు పేజీలయ్యాయి. 'ట్రిలియన్'కు మాట దొరకలేదు, అలాగే వదిలేశాం. శ్రావణంలో తీజ్‌కు గోధుమ బుట్టల దగ్గర అందరూ కూడినప్పుడు ఒక తండాలో చదివి వినిపిస్తాం, ఏమంటారో రాసుకుంటాం. చెంచు పెంటల్లో చదవడానికి ఆ ఇద్దరు తమ్ముళ్లు ఒప్పుకున్నారు, అప్పాపూర్ నుంచి మొదలుపెడతామన్నారు. ఎరుకల భాషలో చేసేవాళ్లు ఇంకా దొరకలేదు. చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఉంటే కబురు చేయండి.